గూడెం పద్ధతి, ఆసుపత్రి పద్ధతి

ప్రశ్న: మేడమ్, నేను ఆత్మకూరు దగ్గర నల్లమలలో ఒక చెంచుగూడెంలో ఆశా కార్యకర్తను. నేను పుట్టింది కూడా ఆ గూడెంలోనే. నాకు వదిన వరసయ్యే ఒకామెకు ఇప్పుడు ఎనిమిదో నెల. ఇరవై ఏళ్ళుంటాయి. తొలికాన్పు ఆసుపత్రిలోనే అయింది, ఈసారి మాత్రం చచ్చినా అక్కడికి రానంటోంది. వాళ్ళ అత్త కూడా "నేను ఏడుగుర్ని ఈ గుడిసెలోనే కన్నాను, ఏమైంది?" అంటోంది. రక్తం పరీక్షలో హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. ఎర్ర మాత్రలిస్తే దొడ్డికి నల్లగా పోతోందని పారేసింది. ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని రెండు పూటలే తింటోంది. ఏఎన్ఎం మేడమ్ వచ్చి "మీకెప్పటికీ బుద్ధి రాదు" అని తిట్టి పోయింది. మా వాళ్ళను అట్లా తిడితే నాకు కష్టంగా ఉంది. ఊరుకుంటే ఆమెకు ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది. నేనేం చెయ్యాలి?
– ఒక ఆశా కార్యకర్త, ఆత్మకూరు మండలం

జవాబు: తల్లీ, ముందు మీ వదిన పక్కన కూర్చుని, తొలికాన్పు రోజు ఆసుపత్రిలో ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పమని అడుగు. మధ్యలో నువ్వేమీ మాట్లాడొద్దు. ఆమె ఎందుకు రానంటోందో అందులోనే తెలుస్తుంది. ఇంతవరకూ ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగి ఉండరు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అడవి అంచున ఉన్న ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. అప్పుడు గూడేల ఆడవాళ్ళు నాకు చెప్పిన సంగతులు ఇప్పటికీ గుర్తున్నాయి. ఎవరూ కాన్పంటే భయమని చెప్పలేదు. లేబర్ రూములోకి పోగానే తోడొచ్చిన అవ్వను బయటే ఆపేశారని చెప్పారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముందు బట్టలు తీయించారని, నొప్పికి అరిస్తే తొడ మీద కొట్టారని చెప్పారు. గూడెంలో నొప్పులొస్తే నడుస్తారు, దూలానికి కట్టిన తాడు పట్టుకుని గొంతుక్కూర్చుంటారు. ఆసుపత్రిలో వెల్లకిలా పడుకోబెట్టి కదలొద్దన్నారు. కాన్పయ్యాక ఒళ్ళు వణుకుతుంటే వేడినీళ్ళు ఇచ్చే దిక్కు లేదు. "ఏ ఊరు మీది?" అని అడిగి, గూడెం పేరు చెప్పగానే మొహం తిప్పుకున్నారని ఒకామె చెప్పింది. చెంచులు మాట్లాడేది తెలుగే కదా. అయినా వాళ్ళు చెప్పేది వినిపించుకున్న వాళ్ళు లేరు.

మీ వదినకు ఇలాంటిదేదో జరిగి ఉంటే ఆమె మొండితనానికి కారణం ఆచారం కాదు, అవమానం. ఆ అవమానం మళ్ళీ జరగదని నమ్మకం కలిగితే ఆమె వస్తుంది. మన జిల్లాలో చాలామంది డాక్టర్లు, నర్సులు ఈ రెండింటినీ ఒకే గాట కట్టి "ట్రైబల్స్ రారండీ, వాళ్ళ నమ్మకాలు అలాంటివి" అంటుంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు కోపమొస్తుంది.

దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశముంది. అక్కడ ఆండీస్ కొండల్లో క్వెచువా ఆదివాసులుంటారు. వాళ్ళ ఆడవాళ్ళు కూడా ఆసుపత్రికి వచ్చేవాళ్ళు కాదు. అయకూచో ప్రాంతంలో కొందరు ఆరోగ్య కార్యకర్తలు "మీకు ఇక్కడ నచ్చనిదేంటి?" అని వాళ్ళనూ, వాళ్ళ మంత్రసానులనూ అడిగారు. మీ గూడెం వాళ్ళు చెప్పేలాంటి సంగతులే వాళ్ళూ చెప్పారు. దాంతో కాన్పుల గదిలో తాడు కట్టారు, గొంతుక్కూర్చోవడానికి బల్ల పెట్టారు. ఇంటివాళ్ళను లోపలికి రానిచ్చారు, వాళ్ళ భాషలోనే మాట్లాడారు. 1999లో ఆ చోట నూటికి ఆరు కాన్పులే ఆరోగ్య కేంద్రంలో అయ్యేవి. 2007 నాటికి 83 అయ్యాయి. నేను తరచూ ఈ ఉదాహరణ చెప్పడానికి కారణం, అక్కడ ముందు పద్ధతి మార్చుకున్నది ఆసుపత్రి కావడమే.

మన దగ్గర కూడా దీనికి అడ్డేమీ లేదు. కాన్పు గదిలో తల్లి పక్కన ఒక ఆడమనిషి తోడుండవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. ఆ తోడు మనిషి కాన్పు అనుభవం ఉన్న ఆడదై ఉండాలన్నారు. మీ వదిన అత్తకు అంతకన్నా అర్హత ఏం కావాలి! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లోనూ తల్లి కోరుకున్న తోడు, తల్లికి అనువైన భంగిమ రెండూ ఉన్నాయి. ఈ నెల 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు చేసే రోజు ఉంటుంది కదా. ఆ రోజు అత్తాకోడళ్ళిద్దర్నీ తీసుకుపో. కాన్పు గది చూపించమని అక్కడి డాక్టరును అడుగు. "మా అత్త లోపల ఉంటుంది, నొప్పులప్పుడు నేను నడుస్తాను" అని మీ వదిన నోటితోనే చెప్పించు. డాక్టరు సరేనంటే ఆమె భయం సగం అక్కడే పోతుంది. ఒప్పుకోకపోతే పెద్ద డాక్టరు దగ్గరికి పో. అడగడానికి సిగ్గుపడొద్దు.

ఇక మీ గూడెం పద్ధతుల సంగతి. అన్నీ మంచివనీ అనను, అన్నీ మూఢనమ్మకాలనీ అనను. ఒక్కోదాన్ని విడిగా తీసుకుని, అది తల్లికీ బిడ్డకూ ఏం చేస్తుందో చూడాలి. నొప్పుల్లో నడవడం, గొంతుక్కూర్చోవడం మంచివే, బిడ్డ కిందికి దిగడానికి తోడ్పడతాయి. నడుముకు వేడినీళ్ళ కాపడం, వెంట ఉండి ధైర్యం చెప్పే అవ్వ, కాన్పయ్యాక బాలింతతో బరువు పనులు చేయించకపోవడం, ఇవన్నీ ఉండనివ్వు. నేను పనిచేసిన చోట ఒక ముసలి మంత్రసాని ఉండేది. పొట్ట మీద చెయ్యి పెట్టి బిడ్డ అడ్డం తిరిగిందో లేదో చెప్పేది. స్కానింగ్ మిషన్ లేని రోజుల్లో ఆమె పంపిన కేసులను నేను వెంటనే కర్నూలు పెద్దాసుపత్రికి పంపేదాన్ని. మీ గూడెంలో అలాంటి అవ్వ ఉంటే ఆమెను మనవైపు తెచ్చుకో. ఆమె ఒక మాట చెబితే నువ్వు పదిసార్లు చెప్పినదానికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

మాన్పించాల్సినవి కొన్ని ఉన్నాయి. బొడ్డు కోసిన చోట బూడిద, పేడ, పసుపు, నూనె ఏదీ పెట్టకూడదు. ఆరనిస్తే అదే రాలిపోతుంది. ముర్రుపాలు పిండి పారబోయొద్దు. పుట్టిన గంటలోపే బిడ్డకు రొమ్ము పట్టించాలి. తేనె విషయం కాస్త జాగ్రత్తగా చెప్పు. మీ ఇళ్ళల్లో తేనె పంటా, దేవుడి ప్రసాదమూ రెండూ కాబట్టి పుట్టిన బిడ్డ నాలుక మీద రాయడం పెద్దలకు ఇష్టం. అయితే ఏడాది నిండని బిడ్డకు తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి వల్ల ఒళ్ళు చచ్చుబడే జబ్బు రావచ్చు. తేనె చెడ్డదని అనొద్దు, వాళ్ళు నొచ్చుకుంటారు. మొదటి పుట్టినరోజున బిడ్డ నాలుకకు రాద్దామని చెప్పు. బాలింతకు నీళ్ళు తక్కువ ఇవ్వడం మన రాయలసీమ అంతటా ఉంది, అగ్రహారాల నుంచి తండాల దాకా. దాహం తీరా నీళ్ళు తాగకపోతే మూత్రంలో మంట మొదలవుతుంది, దొడ్డికి గట్టిపడి బాలింత నానా యాతన పడుతుంది.

తక్కువ తింటే బిడ్డ చిన్నగా ఉండి కాన్పు సులువవుతుందనే నమ్మకానికి వెనక ఒక పాత భయం ఉంది. దగ్గర్లో ఆపరేషన్ చేసే దిక్కు లేని కాలంలో బిడ్డ అడ్డం పడితే తల్లి చనిపోయేది. ఆ భయాన్ని వెక్కిరించొద్దు. కాకపోతే కడుపు మాడ్చుకుంటే బిడ్డ తల చిన్నదైపోదు. బిడ్డ బలహీనంగా, తక్కువ బరువుతో పుడుతుంది, తల్లికి నొప్పులు తీయడానికి ఓపిక ఉండదు. మూడు పూటలా తినాలి. మధ్యలో అంగన్‌వాడీ గుడ్డు, పాలు. అడవి గడ్డలు, చింతచిగురు, గోంగూర, రాగి సంగటి, దొరికితే మాంసం, అన్నీ పెట్టొచ్చు. పెట్టేది అత్తే కాబట్టి ఈ మాట ఆమెకే చెప్పు.

ఇప్పుడు 8.2 సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గర్భిణికి 11 ఉండాలి. 7 నుంచి 9.9 మధ్య ఉంటే రక్తహీనత మధ్య స్థాయిలో ఉన్నట్టు. కాన్పులో ఎవరికైనా కొంత రక్తం పోతుంది. ఒంట్లో రక్తం బాగా ఉన్న మనిషి దాన్ని తట్టుకుంటుంది. 8తో ఉన్న మనిషికి కాస్త ఎక్కువ పోయినా ప్రాణం మీదికొస్తుంది. గుడిసెలో అది జరిగితే చేతిలో ఉండే సమయం చాలా తక్కువ. ఆసుపత్రిలోనైతే బిడ్డ పుట్టిన నిమిషంలోపే రక్తస్రావం ఆగడానికి ఇంజెక్షన్ ఇస్తారు. నేను ఆసుపత్రి కాన్పు కావాలని పట్టుబట్టేది ప్రధానంగా దీనికోసమే. అత్త "ఏడుగుర్ని కన్నాను" అన్నప్పుడు వాదనకు దిగొద్దు. ఆ ఏడు కాన్పుల గురించీ నెమ్మదిగా అడుగు. ఎందరు బతికారో, ఏ కాన్పులో భయపడిందో ఆమే చెబుతుంది.

మాత్రలు వేసుకుంటే దొడ్డికి నల్లగా పోవడం మామూలే. రక్తం చెడి అట్లా అవుతోందని ఆమె అనుకుని ఉంటుంది. మాత్రలోని ఐరన్ కొంత అలా బయటికి పోతుందని ముందే చెప్పి ఉంటే పారేసేది కాదు. వాంతి వచ్చినట్టుంటే రాత్రి తిన్నాక పడుకునే ముందు వేసుకోమను. టీతో, టీ తాగిన వెంటనే వేసుకోకూడదు. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలి. నిమ్మకాయ నీళ్ళతోనో ఉసిరికాయతోనో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. ఇంత తక్కువ ఉన్నప్పుడు డాక్టరు రోజుకు రెండు మాత్రలు రాస్తారు. నెలలు నిండొస్తున్నాయి కాబట్టి నరానికి ఐరన్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చేమో అడుగు. నులిపురుగుల మాత్ర వేశారో లేదో చూడు. ఇంతకుముందు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే ఒక రక్తజబ్బు) పరీక్ష చేయకపోయి ఉంటే అదీ చేయించు. ఆదివాసుల కోసం 2023లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమంలో ఈ పరీక్ష ఉచితం.

చివరగా ప్రయాణం. మీ దగ్గర ఫోన్ సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో నీకే తెలుసు. రాత్రిళ్ళు అడవి దారిలో చెక్‌పోస్టుల దగ్గర బండ్లు ఆపుతారు. అందుకే చెక్‌పోస్టు వాళ్ళకు, 108 వాళ్ళకు నెల ముందే చెప్పి పెట్టు. కుదిరితే కాన్పు తేదీకి వారం ముందే ఆత్మకూరులో చుట్టాలింటికి తెచ్చేయ్. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, కళ్ళు మసకలు కమ్మి తలనొప్పి వచ్చినా, మొహం వాచినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పుల కోసం ఎదురుచూడొద్దు, వెంటనే బయల్దేరాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, మందులు, రక్తం, భోజనం, వాహనం 2011 నుంచి అన్నీ ఉచితమే. ఎవరైనా డబ్బడిగితే ఇవ్వొద్దు, ఎవరు అడిగారో రాసిపెట్టుకో.

ప్రశ్న: మేడమ్, మాది గుత్తి మండలంలో ఒక తండా. సుగాలీలం. నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. మా యాడికి (అమ్మకు) 34 ఏళ్ళు. తెల్లబట్ట, నడుం నొప్పి అని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే, గర్భసంచి పాడైంది, తీసేయకపోతే క్యాన్సరవుతుందన్నారు. తండాలో ఆమె వయసు వాళ్ళు చాలామంది తీయించుకున్నారు. "పిల్లలైపోయాక అదెందుకు, నెలనెలా బయట కూర్చునే బాధ కూడా పోతుంది" అంటున్నారు. మా బా (నాన్న) మేకలమ్మి డబ్బు కడతానంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు.
– ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, మేకలు అమ్మకుండా ఆపు. తెల్లబట్టకూ నడుం నొప్పికీ 34 ఏళ్ళ మనిషికి గర్భసంచి తీయడం వైద్యం కాదు. తెల్లబట్ట ఎక్కువసార్లు ఇన్‌ఫెక్షన్ వల్ల వస్తుంది. మందులతో తగ్గుతుంది, కొన్ని రకాలకు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మందు వేసుకోవాలి. నడుం నొప్పికి కారణం గర్భసంచి కాకుండా, వేరుశనగ చేలో రోజంతా వంగి కలుపు తీయడం కావచ్చు, ఒంట్లో రక్తం లేకపోవడం కావచ్చు.

క్యాన్సర్ మాట ఊరికే అనకూడదు, పరీక్ష చేసి చెప్పాలి. 30 దాటిన ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వారాన్ని ఒక ద్రవం పూసి చూసే చిన్న పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉంటుంది. అనంతపురం పెద్దాసుపత్రిలో ఆ పరీక్ష, అవసరమైతే పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష), పొట్ట స్కానింగ్ చేయించు. పాత ఆసుపత్రి కాగితాలన్నీ తీసుకుపో. పెద్ద గడ్డలుండి రక్తస్రావం ఆగకపోయినా, గర్భసంచి జారిపోయినా, నిజంగా క్యాన్సరని తేలినా తీయాల్సి రావచ్చు. అప్పుడు నేను వద్దనను.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి మూడు మంది గర్భసంచి తీయించుకున్నారు. మన ఆంధ్రలో తొమ్మిది మంది దాకా ఉన్నారు. మన ఆడవాళ్ళ ఒళ్ళు దేశంలో అందరికన్నా మూడింతలు చెడిపోలేదు కదా! పదహారుకో పదిహేడుకో పెళ్ళి, ఇరవై రెండు మూడేళ్ళకే పిల్లలు కలగకుండా ఆపరేషన్, ముప్పై దాటగానే గర్భసంచి. ఈ వరస నేను తండాల్లో చూశాను, పెద్ద కులాల ఇళ్ళలోనూ చూశాను. ఇలాంటి అనవసర ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం 2022లో మార్గదర్శకాలిచ్చింది. వాటిని అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది.

ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసుకే ముట్లుడిగిన అవస్థ మొదలవుతుంది. ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం. వాటిని ఉంచినా కొందరికి ముందుగానే పనిచేయడం ఆగిపోతుంది. ముప్పై నాలుగుకే ఎముకలు గుల్లబారిన మనిషి ఇంకో పాతికేళ్ళు చేలో పని ఎట్లా చేస్తుంది?

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది "బయట కూర్చునే బాధ పోతుంది" అన్న మాట. ఆ బాధ చిన్నదని నేననను. చలిలో, వానలో వసారాలో పడుకోవడం, బట్ట నలుగురికీ కనిపించకుండా చీకట్లో ఆరేసుకోవడం, చేలో మార్చుకునే చోటు లేక పొద్దంతా ఒకే బట్టతో ఉండటం. తెల్లబట్టకూ దురదకూ ఇదీ ఒక కారణం కావచ్చు. సరిగా ఆరని బట్ట వాడటం వల్లే జబ్బు వస్తే, ఆ జబ్బుకు గర్భసంచిని బలివ్వడం ఎంత అన్యాయమో చూడు. బట్ట వాడితే సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. అవసరమైతే మీద ఇంకో పల్చటి గుడ్డ కప్పండి. నీళ్ళు తాగితే మూత్రానికి ఎక్కడికి పోవాలని తాగకుండా ఉండొద్దని చెప్పు. మీ యాడి ఇంట్లో లోపలే పడుకునేలా చేయగలిగేది నువ్వొక్కదానివే అనుకుంటున్నాను, ఎందుకంటే చదువుకున్న కూతురు మాట మీ బా వింటాడు. నీ తర్వాత చెల్లెళ్ళుంటే వాళ్ళకూ అది అలవాటవుతుంది.

ప్రశ్న: అమ్మా, మాది కడప జిల్లాలో ఒక తండా. మాకు ఇద్దరు పిల్లలు. నా భార్యకు రెండు కాన్పులూ పెద్ద ఆపరేషన్లే, ఒంట్లో రక్తం లేదు. ఇప్పుడు మళ్ళీ పిల్లల ఆపరేషన్ ఆమెకెందుకు, నువ్వే చేయించుకోమని డాక్టరమ్మ చెప్పింది. మగోడు చేయించుకుంటే బరువు మోయలేడని, సంసారానికి పనికిరాడని మా నాయన అంటున్నాడు. నేను బేల్దారి పని చేస్తాను.
– ఒక భర్త

జవాబు: నాయనా, ఈ ప్రశ్న అడిగే మగవాళ్ళు నాకు చాలా అరుదుగా కనిపిస్తారు. మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి డెబ్బై మంది దాకా పిల్లల ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. రెండుసార్లు కడుపు కోయించుకున్న మనిషికి మూడో కోత తప్పించాలనుకున్నావు, మంచి పని.

మగతనానికీ కండబలానికీ కావలసిన హార్మోను వృషణాల నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. ఆపరేషన్ దాని జోలికి పోదు. వీర్యకణాలు పోయే సన్నటి గొట్టాన్ని మాత్రం కట్టేస్తారు. కోతా కుట్టూ లేని పద్ధతిలో, అక్కడికి మాత్రమే మత్తిచ్చి, పావుగంట ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. అదే రోజు ఇంటికి పోవచ్చు. రెండు రోజులు విశ్రాంతి తీసుకో. సిమెంటు బస్తాలు, ఇటుకల తట్టలు వారం దాకా ఎత్తొద్దు. ఆ తర్వాత నీ పని నువ్వు ఎప్పటిలాగే చేసుకోవచ్చు. సంసారంలో ఏ తేడా ఉండదు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ఆపరేషన్ అయిన రోజు నుంచే పని చేయదు. గొట్టంలో మిగిలిన కణాలు పోవడానికి మూడు నెలలు పడుతుంది. అప్పటి దాకా నిరోధ్ వాడాలి. మూడు నెలల తర్వాత వీర్య పరీక్ష చేయించుకుని, కణాలు లేవని డాక్టరు చెప్పాకే మానేయాలి. ఈ పరీక్ష చేయించుకోకుండా వదిలేసి, తర్వాత భార్యను అనుమానించిన ఇళ్ళను చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

ఇది మళ్ళీ విప్పుకునే ఆపరేషన్ కాదనుకునే చేయించుకోవాలి. చిన్నబిడ్డకు ఏడాది నిండే వరకు ఆగుతామంటే ఆగండి, ఈలోపు నిరోధ్ చాలు. మగవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే పరిహారం ఆడవాళ్ళకిచ్చేదానికన్నా ఎక్కువే, బ్యాంకు పాస్‌బుక్, ఆధార్ తీసుకుపో. మీ నాయన వస్తానంటే ఆయన్నీ వెంటబెట్టుకుపో. ఆయన అనుమానాలేవో ఆయనే డాక్టరును అడగనివ్వు. ఆపరేషన్ తేదీ ఖాయమయ్యేలోపు నీ భార్యకు రక్తం పరీక్ష చేయించి, ఐరన్ మాత్రలు మొదలుపెట్టించు.